గొడుగు పిల్లికి కాల్చిన చక్కెర

మార్చి 1

ఇందుమూలంగా ఈ ఇంట్లోని ముగ్గురు మనుషులకు, ఒక ఫ్రిజ్జుకు, వంటింటి కిటికీలో కాపురం పెట్టిన పావురానికి తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి గొడుగు పిల్లి అనగా క్రీమ్ కేకు. ఈల గాడిద అనగా జెల్లీ. నత్త దొంగ అనగా క్రీమ్ రోల్. ఈ ఉత్తర్వును కాదన్నవారు ఎంతటివారైనా సరే, ముందు ఒక చెంచా తిని, తర్వాత కాదనవలెను. తినకుండా కాదన్న మాట చెల్లదు. ఇట్లు, తోక.

తోక అంటే నేనే. చిన్నప్పుడు అన్నయ్య ఎటు పోతే అటు పోయేదాన్నని ఆయన పెట్టిన పేరు. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా ఊడలేదు.

ఈ ఉత్తర్వు ఎందుకు పుట్టిందంటే, అన్నయ్య నోరు తెరవడం లేదు. మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు, ఒప్పుకుంటాను. తినొద్దని చెప్పలేదు. గొంతులో గడ్డ తీసి ఇంటికి పంపి నాలుగు రోజులైంది. చల్లగా, మెత్తగా ఉండేవే పెట్టాలట. నలభై తొమ్మిది కిలోలున్న మనిషి యాభై మూడుకు రావాలట, రాకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారట. ఇదంతా అందరి ముందూ చెప్పాడు. ఆ తర్వాత వరండాలో నన్నొక్కదాన్నే పక్కకు పిలిచి, బాగా తింటే నలభై రోజుల్లో గొంతు తిరిగి వస్తుందన్నాడు. ఆ మాట నేనే వచ్చి ఇద్దరికీ చెప్పాను. వదిన ఉన్నచోటే బెంచీ మీద కూలబడి ఏడ్చింది. అన్నయ్య నన్ను చూశాడు. అంతే, చూశాడు.

రాసిపెట్టుకుంటున్నాను, నలభై రోజులు. రేపటి నుంచి లెక్క.

మార్చి 2

అసలు చిక్కు ఐస్‌క్రీమ్ దగ్గరుంది. అన్నయ్య ఇరవై ఏడేళ్లుగా టీవీ కార్టూన్లకు గొంతు ఇస్తున్నాడు. ఇంట్లో కూడా గొడుగు విప్పుకుని తిరిగే పిల్లి, ఎవరూ లేని వీధిలో ఈల వేస్తూ డ్యూటీ చేసే గాడిద, తుమ్మితే గోడలు కూల్చే ఏనుగు, ఊరికే అలిగే కొంగ, ఇల్లు వీపు మీద మోసుకుంటూ దొంగతనానికి బయల్దేరే నత్త. ఆ అయిదూ ఆయనే. గొంతు పాడవుతుందని ఆ ఇరవై ఏడేళ్లూ చల్లనిది నాలుక మీద పెట్టలేదు. ఎక్కడ విందుకు వెళ్లినా ఆయన వంతు కప్పు చడీచప్పుడు లేకుండా నా ముందుకు జరిగేది. నా ఒంట్లో సగం అన్నయ్య ఐస్‌క్రీమే.

ఇప్పుడు అదే తినమంటున్నారు. తింటే గొంతు పోయిందని ఒప్పుకున్నట్టే అని ఆయన పట్టు. పళ్లు బిగించి కూర్చున్నాడు. వదిన బతిమాలింది, తిట్టింది, మళ్లీ బతిమాలింది. ఈరోజు మొత్తానికి అర కప్పు సూపు.

నేను బేకరీలో క్రీమ్ బల్ల దగ్గర పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. ఎందుకు ఆగిందో లెక్కల మాస్టారి కుర్చీకి, నేను దానికి పూసిన బంకకు తెలుసు. చదువు లేకపోయినా ఒకటి తెలుసు. అన్నయ్యకు ఆకలి చచ్చింది కానీ రోషం చావలేదు. తన పాత్రల గురించి ఎవరైనా తప్పు కూశారంటే ఊరుకునే రకం కాదు.

మార్చి 3

ఎత్తు పారింది.

బేకరీ నుంచి క్రీమ్ కేకు ముక్క తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. ఆయనకు చెప్పలేదు. వదినతో చెప్పాను, గొడుగు పిల్లి అంటే అచ్చం ఇదే వదినా, పైనంతా సోకు, లోపల ఏమీ లేదు అని. వదిన నా ఎత్తు తెలియక, నాకూ అలాగే అనిపించేది సుమా అంది. ఇంకేం కావాలి. అన్నయ్య పలక లాక్కున్నాడు. మాట్లాడకూడదు కనుక వదిన ఒక పలక, బలపాల పెట్టె కొనిపెట్టింది. పెద్ద అక్షరాలతో రాశాడు, తప్పు.

తినకుండా తప్పెలా అంటావు, ఉత్తర్వు చదవలేదా అన్నాను. ఫ్రిజ్జు తలుపుకు అంటించి ఉంది.

నన్ను చంపేసేలా చూశాడు. చెంచా తీసుకున్నాడు. క్రీము వేలెడంత నోట్లో పెట్టుకుని, గుటక వేసేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి, సాక్ష్యంగా వదిలేశాను.

తర్వాత పలక నిండా రాశాడు. పిల్లికి లోపల ఏమీ లేకపోవడం కాదు, లోపల భయం ఉంది. చినుకు పడుతుందని భయం. అందుకే గొడుగు. కాబట్టి క్యారమెల్ పుడ్డింగ్. పైన కాల్చిన చక్కెర, కింద వణుకు.

పద్నాలుగేళ్లుగా ఆ పుడ్డింగ్ చేస్తున్నదాన్ని నేను. దాని కింద వణుకు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

మార్చి 4

పుడ్డింగ్ రెండు కప్పులు. తన తీర్పు సరైనదేనని నిరూపించడానికి రెండోది.

మార్చి 7

ఈల గాడిదకు జెల్లీ తీసుకెళ్లాను. తప్పని నాకు ముందే తెలుసు. తప్పు తీసుకెళ్లడంలోనే ఉంది కిటుకంతా. ఒప్పు తీసుకెళ్తే తల ఊపి పక్కకు పెడతాడు, తప్పు తీసుకెళ్తే సగం గిన్నె తిని మరీ వాదిస్తాడు. జెల్లీ మూడు చెంచాలు తిని రాశాడు, గాడిద ఊగదు. వీధిలో దొంగ లేకపోయినా నిలబడే ఉంటుంది. బ్రెడ్ పుడ్డింగ్. నిన్నటి రొట్టె, ఎవరికీ అక్కర్లేనిది, పాలు తాగి మళ్లీ డ్యూటీకి వచ్చింది.

మా పెద్ద మేస్త్రీకి ఈ ముక్క చెప్పాను. ఆయన ముప్ఫై ఏళ్లుగా ఓవెన్ ముందు నిలబడుతున్నాడు. సాయంత్రం బ్రెడ్ పుడ్డింగ్ పెద్ద ట్రే ఒకటి కట్టి ఇచ్చి, మీ అన్నకు నా పేరు చెప్పి ఇవ్వు అన్నాడు.

మార్చి 11

తుమ్ముల ఏనుగు, చాక్లెట్ మూస్. చూడ్డానికి బరువు, తింటే గాలి. దీని మీద గొడవ రాలేదు. గొడవ రాలేదు కనుక ఒక్క చెంచాతో సరి. నాదే పొరపాటు.

కిలో పెరిగాడు. యాభై.

మార్చి 13

అలిగే కొంగకు వెనీలా ఐస్‌క్రీమ్. ఇది అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇదే అసలు పగ. కప్పు పెట్టి, కొంగ అంటే వదిన అని రాసి ఫ్రిజ్జుకు అంటించాను. ఎందుకో ఎవరికైనా చెప్పాలా. వదిన అది చదివి, ఒంటికాలి మీద కాదు గానీ దాదాపు అలాగే నిలబడి, గంటసేపు నాతో మాట్లాడలేదు. అన్నయ్య భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. చప్పుడు లేని నవ్వు చూడ్డానికి వింతగా ఉంటుంది, టీవీలో శబ్దం ఆపేసినట్టు.

ఆ నవ్వులోనే చెంచా నోట్లోకి వెళ్లింది. ఇరవై ఏడేళ్ల తర్వాత. పలక మీద ఏమీ రాయలేదు. కప్పు ఖాళీ చేసి, అడుగు చెంచాతో గీకి, అప్పుడు రాశాడు, వేడి చేసి కరిగించకూడదు. అయిదు నిమిషాలు వదిలేస్తే అదే దారికొస్తుంది. వదిన ఆ పలక చూసి లోపలికి వెళ్లిపోయింది. అయిదు నిమిషాలకు బయటికొచ్చింది. నేను గడియారం చూశాను.

మార్చి 17

ఇవాళ జరిగింది ఎక్కడా రాయకూడదు. ఇక్కడ రాస్తాను.

స్టూడియోలో సౌండ్ చూసే ఆయన ఫోన్ చేశాడు. అన్నయ్యతో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాడు. మంచివాడు, అందుకే దాచలేడు. గొడుగు పిల్లికి వేరే అతన్ని పరీక్షిస్తున్నారు, వచ్చే నెల కొత్త భాగాలు మొదలవుతాయి, వదినగారికి ఎలా చెప్పాలో తెలియక చేశాను చెల్లెమ్మా అన్నాడు. నాకు ఒక్కసారిగా బుర్ర తిరిగింది. బుర్ర తిరిగితే నాకు ఒకటే వచ్చు.

అన్నయ్య ఫోన్ లాక్కున్నట్టు, గొడుగు పిల్లి గొంతుతో, నేనింకా చావలేదయ్యా, నా గొడుగు ఎవడికిస్తున్నావు అన్నాను.

ఆ గొంతుతో నేను ఎన్ని ఫోన్లు చేశానో లెక్కలేదు. బేకరీకే ఒకసారి గొడుగు ఆకారంలో వంద కేకులు కావాలని ఆర్డరిచ్చాను, మేస్త్రీ ఇప్పటికీ ఆ మనిషి కోసం వెతుకుతున్నాడు. కానీ ఎదుటివాడు ఏడవడం ఇదే మొదలు. సౌండాయన ఫోన్లోనే ఏడ్చేశాడు. గురువుగారూ, గొంతు వచ్చేసిందా, నేను మీకోసం ఆపిస్తాను, ఏప్రిల్ పదికి రికార్డరు తీసుకుని ఇంటికే వస్తాను అన్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. పిల్లి గొంతుతోనే, మంచిది అని వచ్చింది.

ఏప్రిల్ పది అంటే సరిగ్గా నలభై రోజులు. కాబట్టి నేను చేసింది అబద్ధం కిందికి రాదు. ముందుగా చెప్పిన నిజం.

అబద్ధమాడితే నా గొంతు ఒక మెట్టు పైకి పోతుందని అన్నయ్య చిన్నప్పుడే కనిపెట్టాడు. అందుకే నాకు రాయడం ఇష్టం. రాస్తే గొంతుండదు.

మార్చి 22

ఆసుపత్రి. యాభై ఒకటిన్నర. డాక్టరు అన్నయ్య భుజం తట్టి, ఏం పెడుతున్నారని అడిగాడు. గాడిదను పెడుతున్నాం, ఏనుగును పెడుతున్నాం అని చెప్పాను. ఆయన నర్సు వంక చూశాడు.

వదిన నలభై రోజులు అని మొదలుపెట్టిందో లేదో నాకు దగ్గొచ్చింది. మామూలు దగ్గు కాదు, ఆపకుండా. నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లి నీళ్లు తాగించి ఛాతీకి స్టెతస్కోపు పెట్టి చూశారు. ఊపిరితిత్తులు గుర్రంలా ఉన్నాయన్నారు. ఈలోగా డాక్టరు వేరే వార్డుకు వెళ్లిపోయాడు.

దారిలో వదిన ఏమీ అడగలేదు. బస్సులో నా పక్కన కూర్చుని, కిటికీ నాకిచ్చింది. మామూలుగా కిటికీ ఇవ్వదు.

మార్చి 25

నత్త దొంగకు క్రీమ్ రోల్ తీసుకెళ్లాను. రెండూ చుట్టలు చుట్టుకుని ఉంటాయి కదా. సగం తిన్నాడు. ఆకారం చూసి పోల్చేది చంటిపిల్లలు అని రాశాడు. మరి ఏదో చెప్పమన్నాను. బలపం చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. నత్త దొంగ ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడుతుంది, ఇంటివాళ్లు లేస్తారని. చివరికి రాశాడు, తెలియదు.

ఇరవై ఏడేళ్లు అదే గొంతు ఇచ్చి తెలియదట.

మార్చి 29

స్టూడియో నుంచి కవరు వచ్చింది. గొడుగు పిల్లి మాటలు, పన్నెండు పేజీలు, పైన తేదీ, ఏప్రిల్ 10. నేను బేకరీలో ఉండగా వచ్చింది. వదిన విప్పింది. అన్నయ్య చదివాడు.

పలక గోడ వైపు తిప్పి పెట్టాడు.

మార్చి 30

ఏమీ తినలేదు.

మార్చి 31

ఏమీ తినలేదు. నేను ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగాను. క్రీమ్ బల్ల దగ్గర ఉల్లిపాయలేమిటని మేస్త్రీ అడగలేదు, మంచివాడు.

ఏప్రిల్ 1

ఈ తేదీన ఏటా నేను చేసేవి రాస్తే ఇంకో పుస్తకం కావాలి. ఈసారి ఒకటే చేశాను. వెళ్లి నిజం చెప్పాను.

మంచం దగ్గర కింద కూర్చుని, ఆ ఫోన్లో పిల్లి నేనేనని, సౌండాయన ఏడిస్తే కాదనలేకపోయానని చెప్పాను. వదిన తలుపు దగ్గర నిలబడి, ఒసే, నీకు ఆటలకు అంతు లేదా అంది. అంతు లేదు వదినా, ఉంటే ఎనిమిదో తరగతి దాటేదాన్ని అన్నాను. ఆమె నవ్వదలుచుకోలేదు, నవ్వు వచ్చేసింది, దాంతో కోపం ఇంకా పెరిగింది.

అన్నయ్య పలక ఇటు తిప్పాడు. చేసి చూపించు, అని రాశాడు.

బేకరీని ఏడిపించడం వేరు, ఆయన ఎదుట చేయడం వేరు. లేచి నిలబడ్డాను. మూల ఉన్న గొడుగు తీసుకున్నాను, గదిలోనే విప్పాను. నేనింకా చావలేదయ్యా అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ అనమని వేలితో సైగ చేశాడు. మళ్లీ అన్నాను. మూడోసారి కూడా అన్నాను. తర్వాత చాలా జాగ్రత్తగా, ఒక్కో అక్షరం దిద్దుతూ రాశాడు.

జెల్లీ.

కింద ఇంకో వరుస. ఊగుతున్నావు. భయం లేదు. భయం లేకుండా గొడుగు ఎందుకు?

ఇరవై ఏడేళ్ల అనుభవం ముందు నా పరువు గిన్నెలో ఊగింది. వదిన నేల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. అన్నయ్య భుజాలు ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. ఆ నవ్వు మీదే ఫ్రిజ్జులో ఉన్న జెల్లీ తెప్పించుకుని, నన్ను చూస్తూ చూస్తూ గిన్నె మొత్తం తిన్నాడు. నన్నే తిన్నాడు అనుకోవాలి. హాయిగా ఉంది.

ఏప్రిల్ 5

యాభై రెండున్నర. పావురం గుడ్లు పెట్టింది. ఇంట్లో అందరూ బరువెక్కుతున్నారు.

ఏప్రిల్ 8

సౌండాయనకు ఫోన్ చేసి నిజం చెబుదామని మూడుసార్లు అనుకున్నాను. మూడుసార్లూ బేకరీలో పని ఉంది. అన్నయ్యను అడిగితే, రానీ, అని రాశాడు. వచ్చాక ఏం చేస్తావంటే బలపం కింద పెట్టేశాడు.

ఏప్రిల్ 10

వరుసగా రాస్తాను, ఒక్క ముక్క కూడా పోకూడదు.

పొద్దున ఆసుపత్రిలో తూకం, యాభై మూడు, పైన రెండు వందల గ్రాములు. గొట్టం అక్కర్లేదన్నారు. వదిన తూకం యంత్రానికి దండం పెట్టింది. నొప్పి రానంత మేరకు, మెల్లిగా, ఒకటి రెండు మాటలు ప్రయత్నించవచ్చని డాక్టరు అన్నాడు. వస్తుందా అని ఎవరూ అడగలేదు. నాకు దగ్గాల్సిన అవసరం పడలేదు.

సాయంత్రం సౌండాయన రికార్డరు పట్టుకుని వచ్చాడు. అన్నయ్య కాళ్ల దగ్గర కూర్చుని, గురువుగారూ, మీ గొంతు విని పాతిక రోజులు కావస్తోంది అన్నాడు. నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి పారిపోయాను. చేతులకు ఏదో పని కావాలి కనుక కస్టర్డు కలిపి స్టౌ మీద పెట్టాను. సన్నని సెగ మీద, ఆపకుండా తిప్పుతూ ఉండాలి దాన్ని. తిప్పుతున్నాను కానీ చెవులు ముందు గదిలో ఉన్నాయి. వదిన చెబుతోంది, ఫోన్లో మాట్లాడింది మా ఆడపడుచండీ, తప్పయిపోయింది, క్షమించండి అని. సౌండాయన ఏమంటాడో విందామని నా చెయ్యి ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది. గాలి ఇసుక మీద పాకినట్టు సన్నగా, గుసగుసగా.

"తోకా. కస్టర్డు అడుగంటుతోంది."

గరిటె పడేసి పరుగెత్తాను. అన్నయ్య మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. వదిన రెండు చేతులతో నోరు మూసుకుంది. సౌండాయన రికార్డరు మీట నొక్కి ఉంచాడు. ఆ తర్వాత ఆయనే అన్నాడు, ఇది పిల్లి కాదు, నత్త దొంగ, పక్కా నత్త దొంగ అని. పిల్లికి దొరికారు గానీ నత్తకు ఎవరూ దొరకలేదు గురువుగారూ, గుసగుస అందరికీ వస్తుంది, ఆ గుసగుసలో ఇల్లు మోస్తున్న బరువు ఎవరికీ రాలేదు, మీకోసమే ఖాళీగా ఉంచాం అన్నాడు.

అన్నయ్య తల ఊపాడు. పలక అడిగాడు. కొత్తగా పిల్లి గొంతు ఇచ్చే అతనికి ఇవ్వమని రాశాడు, ప్రతి వరుసకు ముందు ఒక చెంచా క్యారమెల్ పుడ్డింగ్ తిను. కాల్చిన చక్కెర గొంతులో ఉండగా మాట్లాడు. చల్లనిదని భయపడకు.

సౌండాయన ఆ పలకను అలాగే పట్టుకుపోయాడు. వదిన రేపు ఇంకోటి కొనాలి.

కస్టర్డు అడుగంటింది. పైపైన తీసి మిగతాది గిన్నెలో పోసి ఇచ్చాను. తిని, మాట లేకుండా, వేలితో స్టౌ వైపు చూపించి, సెగ తగ్గించినట్టు సైగ చేసి, తర్వాత తన గొంతు వైపు చూపించుకున్నాడు. అర్థమైంది. నత్త దొంగకు కస్టర్డు. సన్నని సెగ మీద, తొందరపెట్టకుండా. తొందరపెడితే అంటుకుంటుంది.

ఫ్రిజ్జు మీద ఉత్తర్వు దిద్దాను.

ఏప్రిల్ 11

కొత్త పలక వచ్చింది. మొదటి వాక్యం నాకే. నలభై రోజులు డాక్టరు లెక్కా, నీ లెక్కా?

డాక్టరు లెక్కే అన్నాను.

అన్నయ్య చూపుడు వేలు పైకి చూపించాడు. ఒక మెట్టు. ఆసుపత్రి బెంచీ దగ్గర కూడా అంతే ఎక్కిందని రాశాడు. అంటే మొదటి రోజునే తెలుసు. తెలిసే గాడిదను తిన్నాడు, ఏనుగును తిన్నాడు, ఇరవై ఏడేళ్ల ఐస్‌క్రీమ్ తిన్నాడు. వదినకు తెలుసా అని అడిగాను. దగ్గు రోజు నుంచి, అని రాశాడు. ఇంత పెద్ద ఆట ఈ ఇంట్లో నా ఒక్కదాని మీదే జరిగిందన్నమాట. నన్ను మించినవాళ్లు.

ఇక ఈ పుస్తకంతో మాత్రం అబద్ధం ఎందుకు. వరండాలో డాక్టరు నన్ను పక్కకు పిలవలేదు. నేనే ఆయన వెంటపడి, గొంతు వస్తుందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేమమ్మా, ముందు తినిపించండి అని వెళ్లిపోయాడు. మిగిలింది ఆ బెంచీ దాకా నడిచి వచ్చేలోపు కల్పించాను. ఇక్కడ రాసింది ఎవరికో చూపించడానికి కాదు, నేను నమ్మడానికి. నలభై ఎక్కడి నుంచి వచ్చిందంటే, స్పాంజి కేకు మా ఓవెన్‌లో ఉండాల్సిన నిమిషాలు. నాకు తప్పు లేకుండా వచ్చిన లెక్క అదొక్కటే.